బతికున్నవాడి సూటు

సెప్టెంబర్ 4

ఇటలీలో నేపుల్స్ పక్కనున్న ఎర్కొలానో చేరాను. బస్సులో రెండు రోజులు కూర్చుని కాళ్ళు వాచిపోయాయి. పెట్టె మాత్రం తేలిక. ఎప్పటిలాగే ఖాళీగా తెచ్చాను. ఏ ఊరు వెళితే ఆ ఊరి పాత బట్టల్లోంచే నాకు కావలసింది ఏరుకోవడం నా అలవాటు. బూడిదరంగు కోటు సోఫియా నగరంలో కొన్నది, బెల్టు థెస్సలోనికిలో, తోలు సంచి బుడాపెస్టులో ఒక కొట్టు అడుగున దొరికింది. రొమేనియాలో మా ఊరు బ్రాయిలా ఆడవాళ్ళు నన్ను చూసి కుళ్ళుకుంటారు. కుళ్ళుకోనీ. కొత్త బట్టలు డబ్బున్న ప్రతివాడూ కొంటాడు, పాత కుప్పలోంచి మంచిది లాగడానికి కళ్ళుండాలి.

ఈ ఊళ్ళో పాత బట్టల సంతే ఉంది. నా కూతురు ఇలింకా ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. పధ్నాలుగున దానికి పెళ్ళి. పెళ్ళికొడుకు తల్లి అసుంతాకి ఆ సంతలో కొట్టుంది. ఇంతకంటే మంచి సంబంధం నేను వెతికినా దొరికేది కాదు.

ఒక్కటే పుండు మీద కారం. దాని తండ్రి, వాడు కూడా వచ్చాడు. ఆవిడతో. ఇలింకా ఉండే ఈ మేడలోనే, మా కింది అంతస్తులో దిగారట. ఇలింకా ఈ మాట బస్టాండులో కాదు, మెట్లెక్కాక చెప్పింది. వెనక్కి వెళ్ళిపోతాననుకుంది కాబోలు.

నేనెందుకు వెళ్తాను? చర్చిలో నేను అడుగుపెట్టగానే వాళ్ళిద్దరి ముఖాలూ మాడిపోవాలి. దానికి తగ్గ డ్రెస్సు దొరికేదాకా నిద్రపోను.

సెప్టెంబర్ 5

ఇలింకా పొద్దున్నే మొదలుపెట్టింది. "అమ్మా, నాన్న ముందు ఆ దానం సంగతి ఎత్తకు."

ఎందుకు ఎత్తకూడదు? ఊరంతా చూసిందే. వాడు ఆ స్టెలుత్సాతో వెళ్ళిపోయాక, పోయినవాళ్ళ పేర ఇచ్చినట్టే వాడి బట్టలన్నీ దానం చేశాను. చొక్కా మీద రొట్టె పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, వీధిలో మగవాళ్ళకి ఒక్కొక్కరికీ చేతిలో పెట్టాను. "దేవుడు ఆయన్ని క్షమించుగాక" అంటూ తీసుకున్నారు. కొందరు నవ్వు ఆపుకోలేకపోయారు. నా మట్టుకు నాకు వాడు పోయినవాడే, కర్మ చెయ్యొద్దా? వాడు మార్కెట్టుకి వచ్చినప్పుడు తన కోటు వేసుకుని తిరిగే చేపలవాణ్ణి చూసి తెల్లమొహం వేశాడట. ఆ మాట విన్న రోజు నేను రెండు పళ్ళేలు తిన్నాను.

"నేను మాటెత్తను, వాడు నా కళ్ళబడకపోతే చాలు," అన్నాను.

సెప్టెంబర్ 6

సంత! మూటలు విప్పే రోజు. కత్తితో తాడు కోయగానే మూట ఉబ్బి నేల మీద పరుచుకుంటుంది, ఆడవాళ్ళు మోచేతులతో మీద పడతారు. ఒకావిడ నా కాలు తొక్కింది. నేను ఆవిడ రెండు కాళ్ళూ తొక్కాను.

అసుంతా బల్ల మీద కూర్చుని కేకలు. "వదినా, నెమ్మది! నా బేరగాళ్ళని చంపేస్తావా ఏంటి!"

"నీ బేరగాళ్ళకి పట్టు, నైలానూ తేడా తెలీదు వదినా. వీళ్ళ చేతుల్లో బట్ట పడితే ఏడుస్తుంది."

"ఏడవనీ, డబ్బులిస్తారుగా!"

దొరికింది. ముదురు ఆకుపచ్చ పట్టు డ్రెస్సు, భుజాల దగ్గర సన్నటి కుచ్చు. ఎవరో కుట్టించుకున్నది, దుకాణంలో కొన్నది కాదు. లోపలి కుట్లు పైకుట్లంత శుభ్రంగా ఉన్నాయి. నడుము కొంచెం వదులు చెయ్యాలి, అంతే. ఇక్కడి పద్ధతి ప్రకారం డ్రెస్సు చేతికి ముడి వేసి పక్కన పెట్టించాను. ముడి వేసిన బట్ట మళ్ళీ మూట విప్పేదాకా నీది. అప్పటికి తీసుకోకపోతే మళ్ళీ కుప్పలోకే.

అద్దంలో చూసుకున్నాను. వాళ్ళిద్దరి పనీ అయిపోయిందనుకో.

సెప్టెంబర్ 7

అసుంతా ఇంట్లో భోజనాలు. వాణ్ణి చూశాను.

నెకులాయ్ సగం అయిపోయాడు. మెడ కాలర్లో గిలకలా తిరుగుతోంది. కడుపు ఆపరేషన్ అని ఇలింకా చెప్పిందిగానీ ఇంత అని చెప్పలేదు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

మధ్యలో స్టెలుత్సా వాణ్ణి లోపలికి తీసుకెళ్ళి కొత్త సూటు తొడిగి తీసుకొచ్చింది, పెళ్ళికట. నల్లగా, మెరుస్తూ, చేతి మీద చీటీ కూడా తియ్యలేదు. మడతలు కత్తుల్లా ఉన్నాయి. వాడి చేతులు ముందుకి కలిపి నిలబెట్టింది.

అందరికీ ఒకటే తోచింది, నాకే నోరు ఆగలేదు. "కొవ్వొత్తి ఒక్కటే తక్కువ!" అని పకపకా నవ్వాను.

స్టెలుత్సా ముఖం సున్నం కొట్టినట్టయింది. ఇలింకా కంచం వదిలేసి లేచిపోయింది. వాడు మాత్రం సూటు వంక చూసుకుని, "నిజమేలే," అన్నాడు.

నిజమే మరి. మా వైపు ముసలాళ్ళు బీరువాలో ఒక కొత్త జత దాచుకుంటారు, శవపేటికలో పడుకోబెట్టేటప్పుడు తొడగడానికి. సన్నబడిన మనిషికి అంత కొత్త బట్ట తొడిగితే ఇంకేమనిపిస్తుంది? నేనన్నందుకే తప్పా?

సెప్టెంబర్ 8

ఇలింకా నాతో మాట్లాడటం లేదు. మంచిదే. నాకూ గొంతు నొప్పిగా ఉంది.

సెప్టెంబర్ 9

తలుపు కొడితే ఇలింకా అనుకుని తీశాను. స్టెలుత్సా. జుట్టు ముడి వేసుకోలేదు, కాళ్ళకి ఇంట్లో చెప్పులు.

"అక్కా," అంది.

"అక్కా గిక్కా అనకు. నీ అక్కని కాను. చెప్పు."

"నీ వల్లే ఇదంతా."

"ఏది నా వల్ల? నువ్వు నా ఇంట్లోంచి మొగుణ్ణి ఎత్తుకెళ్ళడం నా వల్లా?"

"బతికున్న మనిషి బట్టలు పోయినవాళ్ళ పేర ఇచ్చావు. అప్పట్నుంచీ తిండి ఎక్కడం లేదు. ఆ లోకంలో ఆయనకి బట్టలు సిద్ధం చేసి పెట్టావు, ఇంక ఇక్కడెందుకు ఉంటాడు?" అని ఏడుపు మొదలుపెట్టింది.

డాక్టర్లు చెప్పింది వేరే. అది కడుపులో పుండు, నా కొవ్వొత్తి కాదు. అదే అన్నాను. కానీ నా గొంతు నాకే నచ్చలేదు.

అది ముక్కు తుడుచుకుని అసలు సంగతి చెప్పింది. ఆ కొత్త సూటు వాడు ఇంక తొడగనంటున్నాడట. పాతవన్నీ గోనెసంచుల్లా వేలాడుతున్నాయి. పెళ్ళికి రానంటున్నాడట. ఇలింకాని చెయ్యి పట్టుకుని పీఠం దాకా నడిపించాల్సింది వాడే.

"నాకు ఆయన కొలతలు తెలీవు. ఏది వేస్తే బాగుంటాడో తెలీదు. నేను కొన్నదేదీ ఆయనకి నప్పలేదు. నువ్వు ఇరవై ఏళ్ళ పైన తొడిగావు. ఒక సూటు చూసిపెట్టు. కొత్తది వద్దు. ఎవరో వేసుకుని తిరిగింది, తిని తాగి నవ్విన మనిషి వేసుకున్నది కావాలి. బతికున్నవాడిది."

"నేను పోయినవాళ్ళకి సూట్లు వెతకను," అని తలుపు వేసేశాను.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఏం ధైర్యం దానికి!

సెప్టెంబర్ 10

పచ్చ డ్రెస్సుకి సరిపోయే గుండీలు కావాలని సంతకి వెళ్ళాను. మగవాళ్ళ బట్టల వైపు నీడగా ఉంటుంది, అందుకని అటు నిలబడ్డాను.

ఊరికే అసుంతాని అడిగాను. "ఈ సూట్లు ఎవరివి వదినా?"

"పోయినవాళ్ళవి," అంది ఉల్లిపాయ ఒలుస్తున్నంత తేలిగ్గా. "మొగుడు పోతే బీరువా ఖాళీ చేస్తారు. మూటలో వస్తాయి."

"బతికున్నవాళ్ళవి రావా?"

"వస్తాయి. చిరిగినవి, మరకలు పడ్డవి. బతికున్నవాడు మంచి సూటు ఎందుకు వదులుతాడే? పోయాకే మగాడు ఉదారంగా ఉంటాడు," అని తన మాటకి తనే విరగబడి నవ్వింది. తర్వాత నా ముఖం చూసి ఆగిపోయింది. "ఎవరికి వదినా? మీ ఆయనకా?"

"మా ఆయన కాదు."

"సరేలే, మీ ఆయన కానాయనకి."

ఒళ్ళు మండింది. గుండీలు కొనకుండానే వచ్చేశాను.

సెప్టెంబర్ 11

ఈ వేళ పదిహేను కొట్లు తిరిగినా గుండీలు దొరకలేదు. ఒక గోధుమరంగు కోటు బాగుంది. జేబులో జపమాల ఉంది, పోయినవాడిదే. వదిలేశాను. ఇంకోదాని లోపల పేరు కుట్టి ఉంది, వృద్ధాశ్రమాల్లో కుడతారే, అలా. అదీ వదిలేశాను.

ఆయనకి గోధుమరంగు ఎలాగూ నప్పదు. వాడికి. ముఖం పచ్చగా కనిపిస్తుంది. నీలం కలిసిన బూడిదరంగు కావాలి, భుజాల్లో దూది మరీ కూరినట్టు ఉండకూడదు, కోటు పొట్టిగా ఉండాలి, కాళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. పెళ్ళయిన కొత్తలో మెడకి కండువా చుట్టుకుని వంతెన మీద నిలబడేవాడు, ఆడవాళ్ళందరూ తిరిగి చూసేవాళ్ళు. చూసేలా తయారుచేసింది ఎవరు? నేను. అందమైన మేకని తయారుచేసి వీధిలో కట్టేస్తే తోలుకుపోరా మరి. తప్పు నాదే.

సెప్టెంబర్ 12

ఇలింకా వచ్చి మంచం మీద కూర్చుంది. నర్సు బట్టల్లోనే. 

"ఇంకా ఎంత కాలం ఉంటాడు?" అన్నాను.

"చెప్పలేం అమ్మా. బాగుపడేవాళ్ళూ ఉన్నారు. నాన్నకి బాగుపడాలని లేదు."

"ఎందుకు లేదు? ఎత్తుకెళ్ళిన మహాతల్లి ఉందిగా."

"అమ్మా!" అని అరిచింది. తర్వాత నా ఒళ్ళో తల పెట్టుకుంది. దాని జుట్టు మందుల వాసన.

"నాన్న రాకపోతే నేను ఒక్కదాన్నే నడుస్తాను," అంది. "ఇంకెవరి చెయ్యీ పట్టుకోను. అందరూ నా పక్కన ఖాళీని చూస్తారు."

 నా కోపం నాకుంది. అది నేను కష్టపడి సంపాదించుకున్న కోపం, ఎవరో అడిగితే ఇచ్చేసేది కాదు.

సెప్టెంబర్ 13

దొరికింది.

అసుంతా అన్నయ్య అన్యెల్లో కొట్టు సంత చివర్లో ఉంది. మనిషి పీపాలా ఉంటాడు. కొట్టు వెనక గోడకి ఒక సూటు వేలాడుతోంది. నీలం కలిసిన బూడిదరంగు. దూరం నుంచే నా కాళ్ళు ఆగిపోయాయి. చెయ్యి పెట్టి చూశాను, మంచి ఉన్ని, మోచేతుల దగ్గర మెత్తబడింది. కాలర్ కింద ఎప్పటిదో ద్రాక్షసారా మరక.

"అది అమ్మకానికి కాదమ్మా," అన్నాడు.

"ఎవరిది?"

"నాదే. నా కూతురి బాప్తిజానికి కుట్టించుకున్నాను. పండగల్లో దీంతోనే డాన్సు చేసేవాణ్ణి. ఇప్పుడు పట్టదు. సన్నబడ్డాక వేసుకుంటా."

"ఎప్పుడు సన్నబడతావు?"

"వచ్చే ఏడు."

"అన్నయ్యా, నువ్వు ఈ జన్మలో సన్నబడవు. నీ పొట్ట చూసి నీ బెల్టే ఏడుస్తోంది."

వాడు నోరు తెరిచాడు. పక్క కొట్టువాడు నవ్వాడు. ఇంక పోట్లాటే. రొమేనియావాళ్ళకి మర్యాద తెలీదన్నాడు. నేపుల్స్ వాళ్ళకి అద్దం తెలీదన్నాను. డబ్బు ఎంతైనా ఇస్తానన్నాను, తలపోయినా అమ్మనన్నాడు. చివరికి కడుపులోది బయటపడిపోయింది. నేను చెప్పాలనుకోలేదు. బట్టలు దానం చేసిన సంగతి, కొత్త సూటు సంగతి, ఇలింకా పక్కన ఖాళీ సంగతి, అన్నీ ఆ సంతలో నిలబడి, నా వచ్చీరాని ఇటాలియన్‌లో అరిచి చెప్పాను. బతికున్నవాడి సూటు కావాలి, ఈ ఊళ్ళో నాకు దొరికిన బతికున్నవాడివి నువ్వొక్కడివే, అన్నాను.

అన్యెల్లో లేచాడు. కొక్కెం మీంచి సూటు దించి, దుమ్ము దులిపి, భుజాలు సర్దాడు.

"అమ్మను," అన్నాడు. "దానం కూడా ఇవ్వను. అరువిస్తాను. వచ్చే సెప్టెంబరుకి ఆయనే తెచ్చి నా చేతికివ్వాలి. నువ్వు కాదు, మీ అమ్మాయి కాదు. ఆయనే."

"తేకపోతే?"

"తేకపోతే నేనే మీ ఊరొచ్చి వీధిలో గొడవ పెట్టుకుంటా. నా సూటు నాకు కావాలి. నేను సన్నబడుతున్నాను."

తిరిగి వచ్చేసరికి అసుంతా కొట్టులో కొత్త మూట విప్పేశారు. నా పచ్చ డ్రెస్సు ముడి విప్పి కుప్పలో వేస్తే ఎవరో జర్మన్ ఆవిడ కొనుక్కుపోయిందట. అసుంతా తల బాదుకుంది. "నీకోసం ఎంతసేపు ఆపానో వదినా! ఎక్కడికి పోయావు?"

పోనీలే. పచ్చ నాకు నప్పదు, మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

సాయంత్రమంతా కూర్చుని ప్యాంటు కింద మడత వేశాను, చేతులు పొట్టి చేశాను. కొలత టేపు ముట్టుకోలేదు. ఎంత తగ్గాడో చూసిన రోజే కళ్ళు కొలిచేశాయి.

సెప్టెంబర్ 15

నిన్న రాయలేకపోయాను.

పెళ్ళి రోజు పొద్దున్న కబురు పెడితే స్టెలుత్సా వాణ్ణి మా గదికి తీసుకొచ్చి, తను బయటే నిలబడింది. ఆ మాత్రం సిగ్గుంది. వాడు సూటు తొడుక్కున్నాడు. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. కోటు పొట్టిగా, కాళ్ళు పొడుగ్గా. ఒక్క క్షణం ఆ వంతెన మీది మనిషే. అంతలో వెనక్కి తిరిగాడు. కోటు వీపు మీద గాలి పట్టిన తెరచాపలా ఉబ్బింది. నా కళ్ళు చూసిన రోజు కన్నా ఇంకా తగ్గాడు.

కింద కారు హారన్ కొడుతోంది. విప్పి కుట్టే టైము లేదు. సూదిలో దారం ఎక్కించి, ఇంకో దారం ముక్క తెంపి వాడి పెదాల దగ్గర పెట్టాను.

"కరుచుకో."

"నాకెందుకు?" అన్నాడు.

"ఎందుకేంటి? ఒంటి మీద బట్ట ఉండగా కుట్టేది శవానికి. బతికున్నవాళ్ళు పళ్ళ మధ్య దారం కరుచుకోవాలి, కుట్టు అయ్యేదాకా నోరెత్తకూడదు. అన్నీ మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అందుకే అంటున్నా. నా పేర దానం ఇచ్చేశావు, కొవ్వొత్తి కూడా పెట్టావు. ఇంక దారం దేనికి? అట్లాగే కుట్టెయ్, ఒటీలియా."

ఎగతాళి కాదు. కోపం కూడా లేదు. పోట్లాడితే బాగుండేది. సూది నా వేలికే గుచ్చుకుంది. హారన్ ఆగడం లేదు. ఇలింకా కిందనుంచి "నాన్నా!" అని పిలుస్తోంది.

"కరుచుకో," అన్నాను. "నెకులాయ్, కరుచుకో. నీకు చచ్చే హక్కు లేదు. నాతో పోట్లాట పూర్తి చెయ్యకుండా, ఆ అమ్మాయిని అట్లా మెట్ల కింద నిలబెట్టి, ఎక్కడికి పోతావు? నేనిచ్చినవి బట్టలు. నిన్నివ్వలేదు. నోరు తెరువు!"

తెరిచాడు. దారం పెట్టాను. పళ్ళు మూశాడు.

కుడుతూ ఉన్నంతసేపూ తిట్టాను. ఇన్నేళ్ళవీ. వాడు వెళ్ళిన రోజు తెరిచి వదిలిన తలుపు వెయ్యడానికి కూడా నేను మంచం మీంచి లేవని సంగతి, ఖాళీ కొక్కేలు చూడలేక బీరువాకి దుప్పటి కట్టిన సంగతి, ఆ చేపలవాడి వీపు మీద కోటు చూసి వాడే అనుకుని వీధిలో సగం దూరం పరిగెత్తిన సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ కూడా రాయలేదు. ఆయన ఒక్క మాట అనలేదు, అనకూడదు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కాలర్ కింది మరక పక్కనే పడ్డాయి. ఉన్నిని తడపకు, అని దానికీ తిట్టాను.

కుట్టు ముడివేసి దారం తెంపాను. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

చర్చి మెట్ల మీద అన్యెల్లో చేతులు చాచి, "నా సూటు! నాకన్నా బాగుంది, దొంగ!" అని అరిచాడు. పెళ్ళికొడుకు తరఫు ముసలమ్మలందరూ స్టెలుత్సా చుట్టూ చేరారు. మీ ఆయన్ని ఎంత చక్కగా తయారుచేశావమ్మా అని బుగ్గలు పుణికారు. అది నా వైపు చూసింది. నోరు తెరవబోయింది. వద్దని కళ్ళతోనే కసిరాను. దాని మెప్పు దాన్నే ఉంచుకోనీ, నాకు వాళ్ళ మెప్పెందుకు? నేను దుమ్ముపట్టిన నీలం డ్రెస్సులో, బస్సులో వచ్చినదానిలోనే ఉన్నాను.

లోపల వాద్యం మొదలైంది. స్టెలుత్సా నా చెయ్యి పట్టుకుంది. "ఆయన్ని ఏం చేశావు? నీ గదిలోంచి వచ్చినప్పట్నుంచీ ఒక్క మాట లేదు. అడిగితే తలూపుతున్నాడు. నీళ్ళిస్తే తాగడు."

నేను దగ్గరకెళ్ళాను. ఆయన పక్కన ఇలింకా, తెల్లగా, ఆయన మోచెయ్యి పట్టుకుని ఉంది. నన్ను చూసి ఆయన పెదాలు కొంచెం విప్పాడు. పళ్ళ మధ్య దారం అట్లాగే ఉంది. వదిలెయ్యమని నేను చెప్పలేదు. అయిపోయిందా అని కళ్ళతో అడిగాడు.

వీపు మీద చెయ్యి వేసి కుట్టు తడిమాను. గట్టిగా ఉంది.

"అవలేదు," అన్నాను. "ఇంకా చాలా ఉంది. అట్లాగే కరుచుకుని ఉండు."